పెద్ద టైర్లు, అయిదు చుట్ల బోల్టు

ఈ మధ్య జీపులున్న కుర్రాళ్లు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వస్తున్నారు. ముసలాడికి జీపుల సంగతి తెలుసని ఎవరో చెప్పి ఉంటారు. వచ్చి ఫోన్లో బొమ్మలు చూపిస్తారు. నడుమెత్తు టైర్లు, వాటి మీద ఎక్కడో బండి. "తాతగారూ, ఇలాంటివి వేద్దామనుకుంటున్నాం. ఏ సైజు వేయమంటారు?" అని అడుగుతారు.

నేను ఒక్కటే అడుగుతాను. "నీ బండి ఎక్కడ ఆగిపోయింది నాయనా?"

"ఎక్కడా ఆగలేదండి. చూడ్డానికి బాగుంటుందని."

"అయితే రంగేయించుకో, చవగ్గా పోతుంది" అంటాను. వాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు. చాదస్తం అనుకుంటారేమో, అనుకోనీ.

ఇది వాళ్ల కోసం రాయడం లేదు. చేతులకి మసి అంటించుకుని బతుకుదామని షెడ్డుల్లోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్కారు జీపులు బాగుచేశాను. ఎప్పుడు మేస్త్రీనయ్యానో, రిటైరైన రోజు నా మెడలో ఎవరు దండ వేశారో ఎవరికీ అక్కర్లేదు. నాకు పని నేర్పింది మూడు బండ్లు, ఇద్దరు పైవాళ్లు, నేను చేసిన ఒక పాపం. ఆ పాపం దగ్గరికి నేరుగా వెళ్లే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకని టైర్ల మీదుగా వెళ్తాను.

కూర్మయ్య మేస్త్రీ

అరవైల చివరి సంగతి. శ్రీకాకుళం జిల్లా కొండల కింద ఒక ఊళ్లో జీపుల షెడ్డు ఉండేది. ఊరి పేరు చెప్పను, ఆనాటి వాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఆస్పత్రి జీపులు, తాసిల్దారు జీపులు, దోమల మందు కొట్టే వాళ్ల జీపులు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. షెడ్డుకి పెద్ద కూర్మయ్య. బర్మా యుద్ధంలో పటాలం లారీలు బాగుచేసిన మనిషి. నోరు మంచిది కాదు. చెయ్యి మాత్రం బంగారం.

నేను చేరిన కొత్తలో ఒక ఆఫీసరు జీపు భోగాపురం దిగువన, జాలర్ల పేటకి అవతల, సముద్రపు ఇసకలో కూరుకుపోయింది. ఆఫీసరు కబురు చేశాడు, ఈ టైర్లు పనికిరావు, పెద్దవి తెమ్మని. కూర్మయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సులో బయల్దేరాడు. చేతిలో టైర్లు లేవు, ఒక మేకు ఉంది. అక్కడికెళ్లి, ఆ మేకుతో నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు. చేపల గంపలు దించుకుని చుట్టూ చేరిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"గాలి తీసేత్తే బండి నడుత్తాదేటి? మా పడవకి సిల్లెట్టుకున్నట్టుంది సూడండర్రా!" అంది ఒకామె.

కూర్మయ్య బండెక్కి, చిన్న గేరులో మెల్లగా కదిపాడు. టైర్లు వెడల్పుగా పరుచుకుని, బండి ఇసక మీద తేలుతూ బయటికి వచ్చేసింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తిరుగు బస్సులో నాతో అన్నాడు. "ఒరే అప్పారావూ, బండి ఆగిన సోటికెల్లి సూడాల. షెడ్డులో కూకుని టైరెంచితే, పెళ్లికూతురి సెయ్యి సూడకుండా గాజులు కొన్నట్టుంటాది. సక్రం జారి ఆగిందా, కడుపు తగిలి ఆగిందా, అది ముందు తెలుసుకో. జారితే గాలి సూడు, టైరు పళ్లు సూడు. కడుపు తగిల్తేనే ఎత్తు."

పెద్ద టైర్ల గురించి నాకు తెలిసిన విద్యంతా ఈ నాలుగు ముక్కలే. తరవాత చదివినవన్నీ వీటికి వ్యాఖ్యానం.

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. బండికి ఏ చిన్న మార్పు చేసినా, దాన్ని నడిపే డ్రైవరుని పిలిచి ఆ మార్చిన చోట చెయ్యి పెట్టించేవాడు. మాటతో చెప్పడం కాదు. డ్రైవరు కిందకి దూరి వేళ్లతో తడమాలి. "సెయ్యెట్టించకుండా బండి గేటు దాటకూడదు" అనేవాడు. డ్రైవర్లు విసుక్కునేవారు, ఖాకీ చొక్కా మసవుతుందని. నేనూ విసుక్కునేవాణ్ణి. నడిపేవాడి చేతులకి పాత బండి గుర్తుంటుందనీ, కొత్త బండిని వాటికి పరిచయం చేయాలనీ నాకు అప్పుడు తట్టలేదు.

రెండు టైర్ల ఇంజనీరు

కూర్మయ్య రిటైరయ్యాక షెడ్డు నా చేతికొచ్చింది. నా మీద ఒక సూపర్‌వైజరు. చదువుకున్నవాడు, తెల్ల ప్యాంటు, కిందకి ఎప్పుడూ వంగడు. తాసిల్దారు జీపుకి పెద్ద టైర్లు అడిగితే, "బండిని తోసేవి వెనక చక్రాలే కదా, వెనక రెండింటికీ పెద్దవి వెయ్యి చాలు" అన్నాడు.

తప్పని నాకు తెలుసు. ముందు చక్రం చిన్నది, వెనకది పెద్దది అయితే, నాలుగు చక్రాలకీ బలం ఇచ్చే లివరు వేసిన మరుక్షణం ముందు ఇరుసు ఒక మాటంటుంది, వెనక ఇరుసు ఇంకో మాటంటుంది. మధ్యలో గేరుపెట్టె నలిగిపోతుంది, అత్తాకోడళ్ల మధ్య మగాడిలాగ. తెలిసి కూడా "అలాగేనండి" అన్నాను. పది రోజుల్లో ఒక కొండవాగు, మా వైపు గెడ్డ అంటారు, దాని మధ్యలో ఆ పెట్టె పళ్లు రాలిపోయాయి. తాసిల్దారు మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకి నడిచాడు. సూపర్‌వైజరు నన్నే తిట్టాడు.

నాలుగూ ఒకే సైజు ఉండాలి, స్టెప్నీతో కలిపి అయిదు. అదొక పాఠం. దానికన్నా పెద్దది, తప్పని తెలిసినప్పుడు నోరు విప్పడం. ఆ రెండోది నేను నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే మిగతాది రాయాల్సిన పని ఉండేది కాదు.

గెడ్డ

కొండ మీద ఊళ్లకి ఆస్పత్రి జీపు ఒక్కటే దిక్కు. దాని డ్రైవరు సింహాచలం. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మాకు చుట్టరికం లేదు, ఆయన భార్యది మా అమ్మ పుట్టిన ఊరు. ఆ వంకతో మొదటి రోజే నన్ను "ఒరే బావా" అన్నాడు, నేనూ బావా అన్నాను. అంతే, బావలమైపోయాం. మధ్యాహ్నం క్యారేజీ నా బల్ల మీదే విప్పేవాడు. ఎండుచేపల పులుసు తెస్తే సగం నాదే.

ఆయన డ్రైవింగు చూసి తీరాలి. కొండ దారిలో తిరగలి మలుపు అని ఒకటుండేది. తిరగలి రాయిలా అక్కడికక్కడే గుండ్రంగా తిరిగిపోతుంది, బయటి వైపు లోయ. అందరూ అక్కడ ఒకసారి వెనక్కి తీసి మళ్లీ తిప్పుకునేవారు. సింహాచలం ఒక్కడు మాత్రం ఆగకుండా, వెనక్కి తీయకుండా, ఒకే తిప్పుడులో దాటించేవాడు. అంచున ఒక తెల్లరాయి ఆయన గుర్తు. ముందు చక్రం ఆ రాయికి జానెడు దూరంలో పోయేది, ఎప్పుడు చూసినా అదే జానెడు.

కొండ మొదట్లో గెడ్డ ఉంది. దాని రెండు ఒడ్డుల మీదా నాటుబండ్ల చక్రాలు లోతుగా గాడి తీసేశాయి. వానాకాలం ఆ గాడిలో దిగిన జీపు మధ్య గట్టు మీద కడుపు ఆనించి కూర్చుండిపోయేది. చక్రాలు గాలిలో తిరిగేవి. ఒక ఏడు శ్రావణంలో, పురిటినొప్పులు పడుతున్న మనిషితో అలాగే కూర్చుంది. మగవాళ్లు ఆమెని మంచం మీద మోసుకుని ఆస్పత్రికి తెచ్చేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

మర్నాడు డాక్టరమ్మ షెడ్డుకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. "అప్పారావ్, నాకు ఆ గెడ్డ దాటే బండి కావాలి. ఏం చేస్తావో నీ ఇష్టం" అని మాత్రం అంది.

కూర్మయ్య చెప్పినట్టు ముందు వెళ్లి చూశాను. గెడ్డలో దిగి కొలబద్దతో కొలిచాను. కడుపు తగలడమే, అనుమానం లేదు. ఒక అంగుళం లేపితే చాలు. జీపుకి ఆ రోజుల్లో వచ్చేది ఆరంగుళాల వెడల్పు టైరు. ఏడు వెడల్పుది అదే చక్రానికి పడుతుంది, ఎత్తు రెండంగుళాలు పెరుగుతుంది. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: టైరు రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే. నాకు కావాల్సిందీ అంగుళమే. అంతకన్నా పెద్దది వేస్తే బ్రేకు ఆనదు, బండి తల బరువెక్కి పక్కకి తూలుతుంది. ఏడుకే బ్రేకు కాస్త ముందుగా తొక్కాలి. స్పీడు ముల్లు ముప్పై చూపిస్తే బండి ముప్పై రెండు పోతూ ఉంటుంది. దిగుడులో చిన్న గేరు కూడా మునుపటంత పట్టి ఉంచదు. ఇవన్నీ లెక్కేసుకున్నాను. ఆ టైరు ఎంచడంలో నేను తప్పు చేయలేదు. ఇవాళ ఎవరడిగినా అదే టైరు వేయమంటాను.

సింహాచలం మాత్రం తల అడ్డంగా ఊపాడు. "వెడల్పు ఎక్కువున్నాది రా బావా. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు స్ప్రింగు పట్టీకి రాసుకుంటాది. సూడు కావాలంటే."

"రాసుకోదు."

"రాసుకుంటాది. నాను సెప్తన్నాను గదా."

షెడ్డులో నలుగురున్నారు. నేను మేస్త్రీని. "ఎక్కడైనా తగిల్తే మీసం తీయించేసుకుంటాను, చాలా?" అన్నాను. అందరూ ఈలలు వేశారు. నా మీసం ఆ రోజుల్లో కొస తిప్పి ఉండేది, దాని మీద నాకు మహా మోజు.

అయిదు చుట్లు

టైర్లు వచ్చాయి. ఒక రోజు పొద్దున్నే అయిదూ ఎక్కించాను. సింహాచలం టీకి వెళ్లాడు. నేను ఒక్కణ్ణీ స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పాను. బరబరమని చప్పుడు. టైరు అంచు స్ప్రింగు పట్టీకి రాసుకుంటోంది. కుడికి తిప్పాను, అటూ అంతే.

ముందు చక్రాలు ఎంత వరకూ తిరగాలో ఆపడానికి ఇరుసు చివర ఒక బోల్టు ఉంటుంది, స్టాపు బోల్టు. దాన్ని బయటికి తిప్పితే చక్రం ముందే ఆగిపోతుంది, స్ప్రింగుని తాకదు. ఇది దొంగపని కాదు. పెద్ద టైరు వేస్తే చేయాల్సిన పనే. కాకపోతే బండి తిరిగే చుట్టు పెద్దదవుతుంది. ఆ విషయం డ్రైవరుకి చెప్పాలి, చెయ్యి పెట్టించాలి.

రెండు వైపులా అయిదేసి చుట్లు తిప్పి నట్టు బిగించాను. చేతులు తుడుచుకునేసరికి సింహాచలం వచ్చాడు.

"చూడు బావా, ఎక్కడా తగల్లేదు" అన్నాను.

ఆయన ఎక్కి స్టీరింగు అటూ ఇటూ చివరిదాకా తిప్పాడు. చప్పుడు లేదు. దిగి నా వీపు మీద చరిచాడు. "ఓడిపోయాను రా బావా. నీ మీసం బతికింది. నీకున్న సెయ్యి ఈ జిల్లాలో ఎవడికీ నేదు."

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. 'బోల్టు తిప్పాను బావా, తిరగలి మలుపులో ఒకే తిప్పుడుకి రాదు, వెనక్కి తియ్యి' అంటే అయిపోయేది. నలుగురూ నవ్వేవారు, మీసం పోయేది. బ్రేకు గురించి చెప్పాను. ముల్లు గురించి చెప్పాను. చిన్న గేరు గురించి కూడా చెప్పాను. ఆ ఒక్కటీ చెప్పలేదు. సాయంత్రం, అందరూ వెళ్లాక, ఒంటరిగా చెబుదాంలే అనుకున్నాను.

సాయంత్రం దాకా బండి ఆగలేదు. గంటలో డాక్టరమ్మ కబురు వచ్చింది, కొండ మీద ఒకామెకి రెండు రోజులుగా నొప్పులట, వెంటనే తెమ్మని. సింహాచలం హుషారుగా బండి తీశాడు, కొత్త టైర్లని గెడ్డకి చూపించే మొదటి రోజు. గేటు దగ్గర నిలబడి నేను చెయ్యి కూడా ఊపాను. చెప్పడానికి గేటు దగ్గర కూడా వ్యవధి ఉంది.

గెడ్డని బండి చులాగ్గా దాటిందట. టైరు పని టైరు చేసింది.

దిగేటప్పుడు మిట్టమధ్యాహ్నం, సన్నటి వాన. బండిలో ఆమె, ఆమె భర్త, సింహాచలం. తిరగలి మలుపులో ఆయన ఎప్పటిలాగే తెల్లరాయిని గురి చూసుకుని ఒకే తిప్పుడుగా తిప్పాడు. స్టీరింగు ఎప్పుడూ ఆగే చోటు కన్నా ముందే ఆగిపోయింది. బండి మూరెడు బయటికి పోయింది. ఆయన దగ్గర ఉన్నది జానెడు. తెల్లరాయి కదిలి జారింది, దాని వెనక చక్రం జారింది.

ఆమె చనిపోయింది. కడుపులో బిడ్డా పోయింది. భర్త ఒక చెట్టుకి చిక్కుకుని బతికాడు. సింహాచలం ఎడమ కాలు బండి కింద నలిగింది, మోకాలి కిందికి తీసేశారు. ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను, ఆ పేరు రాసే యోగ్యత నాకు లేదు.

రాసిచ్చిన కాగితం

రెండో రోజు జీపుని గొలుసులతో లాగి లారీ మీద షెడ్డుకి తెచ్చారు. సూపర్‌వైజరు గొడుగు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "స్టీరింగు, బ్రేకు చూసి రాసియ్యి. నేను లోపల ఉంటాను" అన్నాడు.

నేను కిందకి దూరాను. టైర్లు చిరిగిపోయాయి, ముందు ఇరుసు మాత్రం వంగలేదు. బోల్టులు నేను బిగించినట్టే ఉన్నాయి. వాటిని చూస్తూ ఎంతసేపు పడుకున్నానో తెలీదు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. స్పానరు నా చేతిలోనే ఉంది.

అయిదు చుట్లు వెనక్కి తిప్పేశాను. రెండు వైపులా.

బయటికొచ్చి, 'అన్నీ సరిగ్గా ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టాను. రాసే వేళకి అది నిజమే. నేనే దాన్ని నిజం చేశాను. ఆ కాగితం ఆధారంగా, డ్రైవరు అజాగ్రత్త అని తేల్చారు. సింహాచలాన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తాగి నడిపాడని ఊళ్లో కొందరన్నారు. ఆయన తాగడు. నేను ఖండించలేదు.

ఆ సాయంత్రం మీసం తీసేసుకున్నాను. ఏమైందని అడిగినవాళ్లకి బావకి అలా అయిందని బాధతో తీసేశానన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్తే సింహాచలం నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నా సెయ్యి తప్పింది రా బావా. ఎక్కినప్పుడే ఆ మలుపు కాడ బండి బయటికి పోయింది. ఆగి, ఎనక్కి తీసి ఎక్కించినాను. బురదలో జారిందనుకున్నాను. దిగినప్పుడన్నా ఆగాల గదా? ఆగనేదు. ఒకే తిప్పుడని నీలుగుడు. ఆ తల్లిని నానే సంపేసినాను."

నేను ఏమన్నానో తెలుసా? "దైవాధీనం బావా, ఊరుకో" అన్నాను.

కూర్మయ్య కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని, నెల్లిమర్ల కొడుకు ఇంటి నుంచి. ఆస్పత్రి వరండాలో నన్ను ఆపి ఒకే ప్రశ్న వేశాడు. "సింహాచలం సేత సెయ్యెట్టించినావా?"

"పెట్టించాను" అన్నాను.

ఆయన నా మొహం, మీసం లేని పెదవి, చాలాసేపు చూశాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు పోయాడు.

పనిలో తప్పులు అందరం చేస్తాం. తప్పు చేసినవాణ్ణి నేను ఎప్పుడూ షెడ్డులోంచి తరమలేదు. తప్పు దాచినవాణ్ణి తరిమాను, నాలో ఉన్నవాణ్ణి తరమలేక. తరవాత ఇరవై ఏళ్లూ చెయ్యి పెట్టించకుండా ఒక్క బండిని గేటు దాటనివ్వలేదు. నన్ను నియమనిష్ఠల మనిషనుకున్నారు. కాలిన చెయ్యి నిప్పుని చూసి వెనక్కి వస్తుంది, అందులో నిష్ఠ ఏముంది.

నౌపడ

సింహాచలం కుటుంబంతో నౌపడ వెళ్లిపోయాడు. అక్కడ ఉప్పు మడుల దగ్గర కాపలా పని దొరికిందని విన్నాను. పదకొండేళ్లు నేను అటు వైపు వెళ్లలేదు. ఆ స్టేషను మీదుగా రైలు పోతుంటే కిటికీ మూసేసేవాణ్ణి.

ఆ ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన ఒక డ్రైవరు ఒకసారి మాటల్లో చెప్పాడు. "సింహాచలం కూతురికి పిల్ల పుట్టింది గానండి, ఆయన ఎత్తుకోడండి. మూడు నెలలైంది. నా సేతులు మంచియి కావు అంటాడంట. పిల్ల పక్కనే కూకుని సూత్తాడంట, ముట్టడంట."

మర్నాడే బయల్దేరాను. చెప్పకుండా చావకూడదని నాకు ఎప్పటి నుంచో ఉంది. కానీ వెళ్లింది నా చావు గురించి కాదు, ఆ చేతుల గురించి.

ఉప్పు మడుల గట్టు మీద తాటాకుల పాక. సింహాచలం బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చంక కింద కర్ర. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను గుర్తు పట్టి మొహమంతా నవ్వాడు. ఆ నవ్వు చూసి వెనక్కి పారిపోదామనిపించింది.

"ఒరే బావా! ఇన్నాళ్లకి గుర్తొచ్చినానా? రా, రా, కూకో. ఒసే, ఎవులొచ్చినారో సూడు, మంచినీల్లు తే." తరవాత కళ్లు చికిలించి చూశాడు. "మీసం ఏటి రా మల్లీ పెంచనేదు? పందెం నువ్వు గెలిసినావు గదా."

"గెలవలేదు బావా. ఓడిపోయాను."

ఆయనకి అర్థం కాలేదు. నేను నిలబడే చెప్పాను. టీకి వెళ్లినప్పుడు టైరు రాసుకోవడం, బోల్టు తిప్పడం, మీసం కోసం నోరు మూసుకోవడం. ఆయన భార్య చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

సింహాచలం మడుల వైపు తల తిప్పాడు. "ఎన్ని సుట్లు?" అన్నాడు.

"అయిదు."

చేతులు రెండూ పైకెత్తాడు, స్టీరింగు పట్టుకున్నట్టు. మెల్లగా ఎడమకి తిప్పాడు. ఒక చోట ఆపాడు. ఇంకొంచెం తిప్పాడు. ఆ రెండు చోట్లకీ మధ్య ఉన్న ఎడాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. డ్రైవరు కాబట్టి ఆయనకి ఇంకెవరూ లెక్క చెప్పక్కర్లేదు.

"మరి తనిఖీ సేసినప్పుడు?"

"నేనే చేశాను. అంతకు ముందే వెనక్కి తిప్పేశాను."

చేతులు దించి ఒళ్లో పెట్టుకున్నాడు. వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పదకొండేళ్లు" అన్నాడు. "ఈ సేతుల్తో అన్నం కలుపుకుంటంటే అసయ్యమేసేది."

నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆ ఒక్క కాలినీ పట్టుకోబోయాను. ఆయన కర్రతో స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఆ కర్రతో కొడితే బాగుండునని కోరుకున్నాను. 'ఒరే' అని మొదలుపెట్టి ఏమన్నా సరే, ఆ 'ఒరే' చాలనుకున్నాను.

"మేస్త్రీ గారూ," అన్నాడు, "ఎండెక్కుతున్నాది. మీరు ఎల్లండి."

ఆయన నోటి నుంచి నాకు ఆ 'గారూ', ఆ 'మీరు' ఎప్పుడూ రాలేదు. లేచాను. నీళ్ల చెంబు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. గట్టు మీద పదిహేను అడుగులు వేశాను.

వెనక నుంచి ఆయన గొంతు వినపడింది, భార్యని కేకేస్తూ.

"ఒసే, పిల్లనిలాగ తే. నా సేతికియ్యి."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. స్టేషను దాకా నడిచాను.